బోరు మీది ఎర్ర రాత

మర్రిగూడ, 14 మార్చి 2016

ప్రొఫెసర్ సారుకు,

ఐదేండ్లుగా ఒక మాట కడుపులో పెట్టుకుని ఉన్నాను. అప్పుడు మీ విద్యార్థి ఒకడు వచ్చి మా ఊరి రెండు బోర్ల నీళ్లు పరీక్షకని సీసాల్లో పట్టుకుపోయాడు. ఏ బోరులో ఎముకలు బిగిసేంత ఫ్లోరైడ్ ఉందో కాగితం పంపుతానన్నాడు. పంపలేదు.

పోతూ పోతూ మా ఇంటి ముందరి బోరు మీద ఎర్ర రంగుతో ఇంగ్లీషులో ఏదో రాశాడు. సర్కారు వాళ్లు తాగరాని బోర్లకే ఎర్ర రంగు వేస్తారు. అందుకని ఆ నీళ్లు ముట్టవద్దని నేనే అన్నాను. నా భార్య సావిత్రమ్మ అప్పటినుంచి ఊరవతలి రెండో బోరు నీళ్లు మోసింది. ఇప్పుడు ఆమె మోకాళ్లు వంగడం లేదు.

మీ దగ్గర పర్యావరణంలో పీహెచ్‌డీ చేస్తున్న సింధూజ నా మనవరాలు. మొన్న సీసాలు పట్టుకుని వచ్చి ఆ రంగు చూసింది.

"తాతా, గది సీసా నంబరే. నీళ్లు చెడ్డయని కాదు" అన్నది.

"మరి చెడ్డది ఏదే?"

"గా పరీక్ష లెక్కలు సారు దగ్గరున్నయి. నువ్వు అడగకు. సారుకు కోపమొస్తే నా డిగ్రీ ఆగుతది."

పిల్లకు తెలియకుండా రాస్తున్నాను. కోపమొస్తే నన్ను తిట్టండి, ఆమె చదువు జోలికి పోకండి. కొట్లాడే ఓపిక నాకు లేదు సారూ. ఈ నెల ఇరవై ఐదు లోపల ఒక్క ముక్క రాయండి. ఐదేండ్లు నేను సావిత్రమ్మతో మోయించినవి మంచి నీళ్లా, చెడ్డ నీళ్లా?