కుడివైపు కండరం

బాపూ,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. అవ్వను మోకాళ్ల నొప్పులకని మేడ్చల్‌లో ఓ క్లినిక్‌కు తీసుకెళ్తే, గోడ మీద మెడ పటం కనబడింది. ముందు దాన్ని ఏ కంపెనీ అచ్చేయించిందో వెతికాను. పేరు లేదు. అయినా నమ్మలేదు.

చెవి వెనక ఎముక నుంచి ఛాతీ ఎముక దాకా, మెడకు అటొకటి ఇటొకటి పెద్ద కండరాలట. కుడిది బిగిస్తే ముఖం ఎడమకు తిరుగుతుందట.

జీడిమెట్ల ఫ్యాక్టరీలో బస్తాలు మోసి మోసి నీ మెడ ఎడమకు తిరగడం మానేసింది కదా. ఫ్యాక్టరీ డాక్టరు కుడివైపు నొక్కి చూశాడు. యూనియన్ కరపత్రాలు చదివి కంపెనీల మీద పెంచుకున్న కోపమంతా ఆయన మీదే చూపించాను.

"మెడ ఎడమకు తిరుగకుంటే కుడిదిక్కు పిసుకుతవేంది? నువ్వు కంపెనీ మనిషివి!"

ఆయన పది రోజులు కసరత్తుకు రమ్మన్నాడు. నువ్వు చొక్కా వేసుకుని లేచావు.

"మావోడు సదువుకున్నోడు సారూ. వాడొద్దంటే ఇగ రాను."

ఆ తర్వాత చివరిదాకా, నేను ఎడమవైపు నుంచి పిలిస్తే ఒళ్లంతా తిప్పి చూసేవాడివి.

ఇంటికొచ్చి అద్దం ముందు నిలబడ్డాను. మెడ మీద వేళ్లు పెట్టి ముఖం ఎడమకు తిప్పాను. కుడివైపు కండరం తాడులా లేచింది. నమ్మకం చాలక మళ్లీ తిప్పాను. మళ్లీ కుడివైపే లేచింది.

నా మెడ ఏ కంపెనీ మనిషీ కాదు, బాపూ.