నడుం నొప్పి చీటీ

డాక్టరు గారికి నమస్కారాలండి.

నడుం నొప్పని చీటీ రాయించుకుని, పిల్లల్లేని సంగతి వెళ్లబోతూ గుమ్మంలో చెప్పిన మండపేట మనిషినండి. మీరు నవ్వలేదు. తలుపు వేసి, "ఏం పని చేస్తారండి?" అని అడిగారు. పెళ్లయిన ఈ ఆరేళ్లలో నన్నెవరూ ఏమీ అడగలేదండి. మందులన్నీ మా ఆవిడ నాగవేణే మింగింది.

మీరు చెప్పినట్టే, వేడి తగలకుండా రైసుమిల్లు బాయిలర్ దగ్గర్నుంచి కాటా దగ్గరికి మారాను. మాత్రలు వాడుతున్నాను.

మీ పరీక్షలో తేలినట్టు లోపం నాదేనని మొన్న మా అమ్మకి చెప్పేశానండి. అమ్మ, పిల్లల కోసమని నాగవేణి చేతికి తను కట్టిన తాయెత్తు విప్పి తెచ్చి నా చేతికి కట్టింది. నాగవేణి వంటింట్లోకెళ్లి పడీపడీ నవ్వింది. ఆ నవ్వు మీ చలవేనండి.

మూడు నెలలకి పరీక్షకొస్తాను. తాయెత్తు మాత్రం తియ్యమనకండి.

ఇట్లు,
మీ నడుం నొప్పి మనిషి