నాలుగో స్క్రూ

జూన్ 3
అప్పలరాజు బోటు ఇంజన్ నా రిపేరు షెడ్‌కి వచ్చింది. రాళ్ళ దగ్గర ఉప్పునీళ్ళలో పదకొండు రోజులు పడి ఉంది. మనిషి మాత్రం దొరకలేదు. తెచ్చింది అతని భార్య నూకాలమ్మ, అవతలి ఒడ్డున ఉన్న హోప్ టౌన్ నుంచి ఫెర్రీలో. "తాగీసి రాళ్ళకి కొట్టీసాడంతన్నారు అన్నియ్యా. ఇంజను ముందే ఆగిపోనాదేమో, నువ్వే ఇప్పి సూసి సెప్పు." సరే అన్నాను. అనకుండా ఎలా?

జూన్ 4
ఇక్కడ తప్ప ఎక్కడా చెప్పలేను. ఏప్రిల్లో ఈ ఇంజన్ విప్పి మూసింది నేనే. నీళ్ళ పంపులో రబ్బరు చక్రం అరిగింది, కొత్తది వేస్తానన్నాను. ఆ రోజు ఒంట్లో బాగాలేదు. వేశానా, పాతదే తుడిచి పెట్టేశానా... గుర్తు రావడం లేదు. అది విరిగితే నీళ్ళందక ఇంజన్ కాగిపోతుంది. నడిసముద్రంలో ఆగిపోతుంది.

జూన్ 5
పంపు మూతకి నాలుగు స్క్రూలు. మూడు వచ్చాయి, నేను రాసిన గ్రీజుతో సహా. నాలుగోది పట్టేసింది. దానికి గ్రీజు రాసినట్టు లేను. అంత తొందరేమిటి నాకు ఆ రోజు?
డీజిల్ పోసి ఉంచాను.

జూన్ 6
కదల్లేదు.

జూన్ 8
పక్క షెడ్ సలీం - "అరే భయ్యా, గ్యాస్ పెట్టేయ్ నా. దో మినిట్ కా కామ్." నిజమే. వేడి పెడితే స్క్రూ వచ్చేస్తుంది. లోపలి రబ్బరూ కరిగి ముద్దవుతుంది. అది కొత్తదో పాతదో ఇక ఎవరికీ తెలియదు. అప్పలరాజు తాగుబోతుగానే మిగిలిపోతాడు.
మంట వెలిగించాను. పట్టుకుని చాలాసేపు నిలబడ్డాను. ఆర్పేశాను. నా మీద నాకే అసహ్యం వేసింది.

జూన్ 10
సుత్తితో తల మీద చిన్న చిన్న దెబ్బలు. బిగించే వైపు వెంట్రుకవాసి, తర్వాత విప్పే వైపు. మళ్ళీ డీజిల్. "ఒక్క స్క్రూకి ఇన్ని రోజులేటి?" అంది మా ఆవిడ. అన్నం సయించడం లేదు.

జూన్ 11
కదిలింది. పావు చుట్టు. అక్కడే ఆపేశాను.
నూకాలమ్మకి ఫోన్ చేశాను, నీ ముందే విప్పుతాను రమ్మని.
"నేనొచ్చి ఏటి సూస్తాను అన్నియ్యా. నువ్వు సూసి సెప్పు. నీ మాట సాలు."
లేదు, నువ్వు రావాలి అన్నాను. రేపు మొదటి ఫెర్రీకి వస్తానంది.
స్క్రూ ఇప్పుడు వేళ్ళతో తిప్పినా వచ్చేలా ఉంది. గ్యాస్ సిలిండర్ సలీంకి ఇచ్చేశాను. రేపటి దాకా నేనడిగినా ఇవ్వొద్దన్నాను.