నా ఒక్కడికే పని చూడు

బావమరిదికి,

ఈ ఉత్తరం టపాలో వేయకుండా లారీ డ్రైవరు చేతికిచ్చాను. చదివి చించెయ్యి.

నువ్వుండే దేశంలో కూలి ఇక్కడికన్నా రెట్టింపు, ఆసుపత్రిలో మందులు ఉచితం, అర్జీ పెట్టిన రోజే కాగితం చేతికొస్తుంది. ఇక్కడ మా మిల్లు మూతపడి నాలుగు నెలలైంది. అందుకే అందరం సరిహద్దు దాటి వచ్చేద్దామనుకున్నాను.

కానీ పోయిన నెల నిన్ను చూడ్డానికి వచ్చినప్పుడు మీ వీధి రొట్టెల దుకాణం వరుసలో మీ అక్క, "ఇంత గట్టి రొట్టె! మీ మంత్రిగారు సుత్తితో పగలగొట్టుకు తింటారేమిట్రా తమ్ముడూ?" అంది. ఇక్కడైతే వరుసంతా పగలబడి నవ్వేది. అక్కడ ఒక్కరూ నవ్వలేదు. నువ్వు మమ్మల్ని ఇంటికి లాక్కెళ్ళి గడియ వేశావు.

ఆమెను మాట్లాడవద్దని నేను చెప్పలేను. చెప్పాలనీ లేదు. నా ఒక్కడికే పని చూడు. అందరికీ సరిపడే ఇల్లు దొరకలేదని అక్కకు నువ్వే రాయి.

నోరు మూసుకుని ఉండటం నాకు అలవాటే.

మీ బావ