అంగుళం తక్కువైన పీఠం గుడ్డ

చిన్నీకి,

అక్క దీవెనలు. ఏడాదికో కార్డు, కార్డు కింద సంతకం తప్ప రాయని మనిషి ఇంత లావు కవరు పంపిందేమిటని కంగారుపడకు. ఇక్కడ అందరం బాగున్నాం. అందరం అంటే నేనూ, కుట్టుమిషనూ.

కంట్లో పొర వస్తోందట. సూదిపని సగానికి సగం తగ్గించమన్నాడు డాక్టరు. దాంతో శనివారాలు ఖాళీ పడ్డాయి. పక్కింటి నర్సమ్మ గుర్తుంది కదా, ఆవిడా పోయినేడు ఆస్పత్రి నుంచి రిటైరైంది. ఒకరోజు ఆవిడ గోడమీంచి, "ముప్పై ఏళ్ళు ఈ ఊళ్ళో అందరికీ సూదులు పొడిచాను, ఊరు మాత్రం చూడలేదు" అంది. "నేనూ సూదితోనే బతికాను, నేనూ చూడలేదు" అన్నాను. వడ్రంగం షెడ్డు వదిన కూడా అక్కడే ఉంది. వాళ్ళాయన పోయాక షెడ్డు తనే నడుపుతోంది. తలుపులూ బల్లలూ కొలిచే ఇనప టేపు ఎప్పుడూ నడుముకే ఉంటుంది. "మన ఫాదర్ గారి విచారణ కింద ఉన్న గుళ్ళు మొత్తం పది. శనివారానికొకటి చూసేద్దాం. కొండలెక్కక్కర్లేదు, టిక్కెట్టు లేదు, కూర్చోవడానికి బెంచీలుంటాయి" అంది. అలా మొదలైంది.

నాకవన్నీ తెలిసిన గుళ్ళే. అన్నిటికీ, ఫాదర్ పూజ చేసే పీఠం మీద పరిచే గుడ్డలు కుట్టినదాన్ని. కానీ తెలిసింది ఎలాగ? పనిరోజున వెనక తలుపులోంచి వెళ్ళి, దీపాలు లేని గుళ్ళో పీఠం కొలుచుకుని, అదే తలుపులోంచి వచ్చేయడం. ముందు తలుపులోంచి వెళ్ళి బెంచీ మీద ఊరికే కూర్చోవడం ఈ వయసులో మొదటిసారి. గుడికో పది పూసల జపం చెప్పుకుంటాం. తరవాత మెట్ల మీద కూర్చుని డబ్బా విప్పుతాం. నర్సమ్మకి జపంలో కునుకు. లేపితే, "కళ్ళు మూసుకుంటే ధ్యానం, గురక వస్తేనే నిద్ర. నాకు గురక వచ్చిందా?" అంటుంది. "రెండో వరసలో ఉన్న పెద్దాయన లేచి వెళ్ళిపోయాడు" అంది వదిన.

మొదటి గుళ్ళో గంజి పెట్టి ఇస్త్రీ చేసిన గుడ్డ వాసన తగిలింది. మన వెనకగది గుర్తొచ్చింది. అమ్మ బల్ల దగ్గర, నేను ఇస్త్రీ దగ్గర, నువ్వు బల్లకింద. పీఠం గుడ్డ నేల తాకకూడదని కొసలు రెండు చేతులా పట్టుకుని గంటలు గంటలు కూర్చునేదానివి. ఒకసారి పట్టుకునే నిద్రపోయావు. అయినా గుడ్డ వదల్లేదు. నీది ఎడంచేతి వాటమని అమ్మ సానవాడి చేత కత్తెర అలుగులు తిప్పించింది. అది ఇప్పటికీ సొరుగులోనే ఉంది. నాకు దాంతో దారం కూడా తెగదు.

రైలు గేటు అవతలి గుడి ఆఖరున పెట్టుకుందామన్నాను. ఎందుకని వాళ్ళు అడగలేదు. ఎందుకో నీకు తెలుసు.

నీ
అక్క


చిన్నీకి,

ఇది పాపసంకీర్తనంలో చెప్పుకోవాల్సిన మాట. ఫాదర్ దగ్గర చెప్పాను. ఆయన విని, "నాకు చెబితే సగమేనమ్మా" అన్నారు. మిగతా సగం ఇది.

ఇది ఏడో గుడి. జపమయ్యాక నర్సమ్మకీ వదినకీ వాదన వచ్చింది. ఈ పీఠం పెద్దదా, పోయినవారం చూసిన గుడిదా అని. వదిన ఇనప టేపు లాగింది. నేను అలవాటుగా సంచీలోంచి అమ్మ టేపు తీశాను. మెత్తటి గుడ్డ టేపు, అంకెలు సగం చెరిగినది, నీకు తెలిసిందే. ఇద్దరం రెండువైపులనుంచీ కొలిచాం.

"తొంభై" అన్నాను.

"తొంభై ఒకటిన్నర" అంది వదిన.

"ఒకటే పీఠం కదా" అంది నర్సమ్మ.

మళ్ళీ కొలిచాం. మళ్ళీ అంతే. వదిన నా టేపు చివర పట్టుకుని చూసి నవ్వింది. "మీ అంగుళం మా అంగుళం కంటే ఒళ్ళు చేసింది పెద్దక్కా. గుడ్డ టేపు కదా, లాగి లాగి సాగిపోయింది. మా షెడ్డులో ఇది పెడితే తలుపులన్నీ చట్రంలో వదులై ఊగుతాయి."

నేనూ నవ్వాను. ఆ తరవాత మెట్ల మీద ఏం తిన్నానో గుర్తులేదు. ఇంటికొచ్చి వదిన దగ్గర అరువు తెచ్చిన ఇనప టేపు, అమ్మ టేపు బల్లమీద పక్కపక్కన పరిచాను. అమ్మ టేపులో అరవై ఉన్నచోట ఇనప టేపులో అరవై ఒకటి ఉంది.

రైలు గేటు అవతలి గుడిలో కొత్త రాతి పీఠం పెట్టిన ఏడు, వెళ్ళి కొలిచింది నేను. అమ్మ టేపుతో. ఇటు నేల నుంచి అటు నేలదాకా నూటయాభై అని కాగితం మీద రాసి నీ చేతికిచ్చాను. నువ్వు ఆ నెలలోనే పసుపు రంగు టేపు కొనుక్కున్నావు. దాంతో కోశావు. సాగిన టేపుతో కొలత, సాగని టేపుతో కోత. రెండువైపులా అంగుళంపావు పైకి లేవక ఏమవుతుంది?

పీఠం అభిషేకం రోజు గుడి నిండా జనం. గుడ్డ నేలదాకా దిగాల్సింది, రెండువైపులా రాయి కనిపిస్తోంది. "పీఠానికి పొట్టి లాగు తొడిగారేమిటమ్మా" అన్నారు అప్పటి ఫాదర్. అందరూ నవ్వారు. నేను నీ భుజం మీద చెయ్యి వేసి, "మా చిన్నది కోసింది ఫాదర్. దాన్ని క్షమించండి" అన్నాను. ఆ గుడ్డ చుట్టి పక్కన పడేసి పాతది పరిచారు. ఆ తరవాత నేను మళ్ళీ ఆ గుడి గడప తొక్కలేదు. మూడు నెలలకి నువ్వు వేరే ఊళ్ళో ఉద్యోగం చూసుకుని వెళ్ళిపోయావు. ఉద్యోగం కోసమే వెళ్ళావని అందరికీ చెప్పాను. నాకూ నేను అదే చెప్పుకున్నాను.

ఇంకో మాట కూడా ఉంది. నువ్వు వెళ్ళాక పంతొమ్మిదేళ్ళలో ఒక్క గుడ్డ కూడా పొట్టి కాలేదు. చూశావా, తప్పు దానిదే, అని ప్రతి గుడ్డకీ అనుకున్నాను. కాదు చిన్నీ. కొలిచేదీ అమ్మ టేపే, కోసేదీ అమ్మ టేపే అయితే, అది ఎంత సాగినా తప్పు రాదు. ఇంత చిన్న లెక్క పంతొమ్మిదేళ్ళు నాకు తట్టలేదు. తట్టాలనుకోలేదేమో. అమ్మ టేపు ఉండగా ఇంకోటి కొన్నావని నాకు కోపం. ఆ కోపానికి శాంతమనే ముసుగు కప్పి తిరిగాను.

తప్పు నాది. జవాబు రాయమని అడగను.

అక్క


చిన్నీకి,

జవాబు రాలేదు. రాయక్కర్లేదన్నది నేనే కదా. అయినా పోస్టుమాన్ సైకిలు చప్పుడుకి ఇస్త్రీ పక్కన పెట్టి లేస్తున్నాను.

పదో గుడికి, రైలు గేటు అవతలికి, వెళ్ళొచ్చాం. బస్సులో నర్సమ్మ నా చెయ్యి పట్టుకుని, "నాడి కొట్టుకుంటున్న తీరు చూస్తే గుడికి వెళ్తున్నట్టు లేదు, ఆపరేషనుకి వెళ్తున్నట్టుంది" అంది. అప్పుడు ఇద్దరికీ అంతా చెప్పాను. వదిన, "మా ఆయన ఒక తలుపు పొట్టిగా కోసి, గోడ వంకరగా ఉందని చచ్చేదాకా అన్నాడు. గోడకి నోరు లేదు" అంది.

లోపలికి వెళ్ళేసరికి, గుడి చూసుకునే ఉపదేశి పూలు సర్దుతున్నాడు. అప్పటి మనిషే, మీసం తెల్లబడింది. పీఠం మీద పరిచి ఉన్న గుడ్డ చూశాను. నేలదాకా సరిగ్గా దిగింది. నడుమ ద్రాక్షగుత్తి, దాని పక్కన తీగ. అది మన గుడ్డే. మోకాళ్ళ మీద కూర్చుని కొస పట్టుకున్నాను. జపానికి అనుకున్నాడు ఉపదేశి. కొసన రెండువేళ్ళ వెడల్పు అల్లిక లేసు ఉంది. అటువైపూ అంతే. గుడ్డనీ లేసునీ కలిపిన కుట్టు తిరగేసి చూశాను. కుట్లు ఎడంవైపు వాలి ఉన్నాయి. మన గదిలో అలా వాలే కుట్టు ఒక్కరిదే.

"ఈ లేసు ఎప్పుడు వేశారు?" అని అడిగాను.

"అభిషేకం అయిన నెలకమ్మా. మీ చెల్లెలొచ్చి గుడ్డ తీసికెళ్ళింది. రెండువారాలకి ఇలా చేసి తెచ్చింది. మీరే వేసి పంపారంది కదా" అన్నాడు.

"నేనే పంపానందా?"

"అవునమ్మా. 'మా అక్క పంపింది' అంది. ఫాదర్ గారు మీకు కృతజ్ఞతలు చెప్పమన్నారు కూడా. చెప్పలేదా?"

వదిన నన్ను లేపి బెంచీ మీద కూర్చోబెట్టింది. నర్సమ్మ పది పూసలూ తనే గట్టిగా చెప్పింది, ఒక్క కునుకు కూడా లేకుండా.

నేను చేసిన తప్పుకి అందరి ముందూ నీ పేరు చెప్పాను. నువ్వు చేసిన మంచికి, ఎవరూ లేనప్పుడు, నా పేరు చెప్పావు. ఇన్నాళ్ళూ రోజూ సాయంత్రం నీ కోసం ప్రార్థన చేశాను. మా చిన్నదానికి శ్రద్ధ ఇవ్వమని. దేవుడు ఎంత ఓపికగా విన్నాడో.

నీ అక్క


చిన్నీ,

నీ ఉత్తరం అందింది. ఎనిమిది వరసలు. ఎన్నిసార్లు చదివానో చెప్పను.

టేపు సంగతి ఆ వారంలోనే తెలుసని రాశావు. రెండూ పక్కపక్కన పెట్టి చూశావట. చెబుదామని గుమ్మందాకా వచ్చేసరికి నేను అమ్మ ఫోటో ముందు ఆ టేపు ఒళ్ళో పెట్టుకుని నీ కోసం జపం చేస్తున్నానట. అది చూసి వెనక్కి తిరిగావట.

తరవాతి వరస ఇక్కడ మళ్ళీ రాస్తున్నాను. నా చేత్తో రాస్తేగాని నాకు ఎక్కదు. "కొలత తప్పిందని వెళ్ళలేదక్కా. నువ్వు తిట్టినా పడి ఉండేదాన్ని. చెయ్యని తప్పుకి నన్ను క్షమించావు. రోజూ సాయంత్రం క్షమిస్తూనే ఉన్నావు. దాన్ని తట్టుకోలేక వెళ్ళాను."

నేను తప్పు కొలతకి లెంపలేసుకుంటున్నాను. నీకు తగిలింది కొలత కాదు. నా శాంతమే తగిలింది. ఊరంతా ఓర్పు గల మనిషి అంటే ఇన్నాళ్ళూ తలూపాను. ఇది ఏ గుళ్ళో ఏ బెంచీ మీద కూర్చున్నా నాకు తెలిసేది కాదు. నువ్వు చెబితేనే తెలిసింది.

నిన్న సాయంత్రం మోకరించి నీ పేరు దగ్గరికొచ్చేసరికి ఆగిపోయాను. ఏమని అడగాలో తెలియలేదు. ఊరికే నీ పేరు చెప్పి ఊరుకున్నాను.

చివరి వరసలో మీ విచారణ గుడికి కొత్త పీఠం వచ్చిందనీ, దానికి గుడ్డ కావాలనీ రాశావు. "ఈసారి కొలత నాది, కోత నీది" అన్నావు. సరే. ఎవరిది పొట్టి అయినా ఇద్దరం కలిసి నిలబడదాం. నర్సమ్మకి చెబితే, "అయితే పదకొండో గుడి ఉందన్నమాట" అని అప్పుడే బస్సుల వేళలు అడుగుతోంది. వదిన ఇనప టేపు పంపిస్తానంది. వద్దన్నాను.

ఈ కవరులో అమ్మ టేపు పెట్టాను. పీఠం దీంతోనే కొలువు. సాగిందని సందేహించకు. అంకె కాగితం మీద రాసి పోస్టులో పంపకు. నా దగ్గర ఇంకో టేపు లేదు. కొలిచాక దీన్ని నువ్వే పట్టుకుని రా. దీంతోనే కోస్తాను. నీ కత్తెరకి నిన్న సాన పట్టించాను, దారాలు కత్తిరించడానికి నువ్వుండాలి.

బల్లకింద కూర్చోవడానికి మనిద్దరి మోకాళ్ళూ ఒప్పుకోవు. గుడ్డ కొసలు నేల తాకకుండా కుర్చీలు వేస్తానులే.

ఎదురుచూస్తూ,
అక్క