మూల సీటులో నత్తనడక

ఫిబ్రవరి 10, సోమవారం

ఫైలు తెరిచాను. లేచి వెళ్లి నీళ్ల సీసా నింపుకొచ్చాను. ముఖం కడుక్కొచ్చాను. ఇంకా తెరుచుకుంటూనే ఉంది.

చిన్న ఫైళ్లకేం రోగం లేదు. మెయిల్స్ వస్తాయి, పోతాయి. ఉత్తరాలు చిటికెలో కనబడతాయి. డ్రాయింగ్ మాత్రం సర్వర్ నుంచి నా డెస్క్‌టాప్ దాకా కాళ్లీడ్చుకుంటూ వస్తుంది. సేవ్ కొడితే మరీ ఘోరం. సగందాకా పోయి తెల్లమొహం వేస్తుంది.

ఇది పిల్లల ఆసుపత్రి కొత్త బ్లాకు డ్రాయింగ్. పాప పుట్టినప్పుడు ఉద్యోగం మానేసి, అది బడికి పోవడం మొదలెట్టాక తిరిగొచ్చిన నాకు మొత్తంగా చేతికిచ్చిన మొదటి పని. మార్చి ఏడున సమర్పించాలి. పెద్దసారు ఇస్తూనే ఒక మెలిక పెట్టారు. మధ్యలో ఒకసారి చూస్తాను, సాగకపోతే స్పీడుకి ఇచ్చేద్దాం అన్నారు. స్పీడు అంటే నా పక్క సీటతను. నాకంటే చిన్నవాడు. నన్ను అక్కా అంటాడు, నాకంటే రెట్టింపు గీస్తాడు. అతని చెయ్యి మౌస్ మీద ఆడుతుంటే చూడముచ్చటగా ఉంటుంది, ఆ మాట ఒప్పుకోవాలి.

ఫిబ్రవరి 12

రీస్టార్ట్ చేశాను. మళ్లీ చేశాను. ఇకమీదట ఆ మాట నా దగ్గర ఎత్తినవాళ్లకి మర్యాద దక్కదు.

ఫిబ్రవరి 13

ఆఫీసులో ఇంతమంది డాక్టర్లున్నారని నాకు తెలీదు. స్పీడు వచ్చి RAM చాలట్లేదక్కా అన్నాడు. అకౌంట్స్ ఆవిడ వైరస్ అంది, అంటూ రెండడుగులు వెనక్కి జరిగింది. ఇంటికొచ్చి చెబితే మా ఆయన కొత్త కంప్యూటర్ అడిగెయ్, పోయేదేముంది అన్నాడు. ఆయనకి అన్ని జబ్బులకీ అదే మందు. మా ఇంట్లో మిక్సీ అలాగే మారింది.

అత్తయ్య మాత్రం పాపకి జడ వేస్తూ అంతా విని, తప్పు నీదో దానిదో ముందు తేల్చుకో, తేలేదాకా ఎవరికీ సారీ చెప్పకు అంది. నాకు సారీ చెప్పడం అలవాటని ఆవిడ కనిపెట్టేసింది. ఆవిడ కళ్లకి ఏదీ దాగదు. తగూలాడుకున్న రోజుల్లో కూడా ఆ చూపంటే నాకు గౌరవమే.

ఫిబ్రవరి 17, సోమవారం

మీటింగ్. అందరూ ఉన్నారు. పెద్దసారు నా షీట్లు తిరగేసి, రెండో అంతస్తు ఇంకా మొదలవలేదేమిటమ్మా అని అడిగారు. నెట్‌వర్క్ లాగుతోంది సార్ అన్నాను. అందరిదీ అదే నెట్‌వర్క్ కదా అన్నారు. నిజమే, అందరిదీ అదే.

తర్వాత ఆయన మెత్తగా అన్నారు. ఇన్నేళ్లు గ్యాప్ వచ్చింది కదా, చెయ్యి తిరగడానికి టైమ్ పడుతుంది, మీరు స్లో, అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు అని. కోపంగా అనుంటే ఎదురు చెప్పేదాన్ని. ప్రేమగా అనేసరికి సారీ సార్ అన్నాను. అత్తయ్యకి ఈ సంగతి చెప్పలేదు.

బస్సులో కూర్చుంటే ఒకటే ఆలోచన. ఆయన అన్నదే నిజమైతే? ఫైలు తెరుచుకున్నాక కూడా నేను ఒక్కో గోడ దగ్గర ఆగుతున్న మాట అబద్ధమా?

ఫిబ్రవరి 18

సిస్టమ్స్ వాళ్లకి కంప్లైంట్ పెడితే స్వయంగా 'ఒక్కటొక్కటే' మేడమే వచ్చింది. నెట్‌వర్క్ మొత్తానికి ఆవిడే పెద్ద. ఏం చెడిపోయినా ఒక్కటి మార్చు, చూడు, తర్వాతే ఇంకొకటి అంటుందని అందరూ ఆ పేరు పెట్టారు. ఆవిడకీ తెలుసట, ఏమీ అనుకోదట. ముక్కు మీద కోపం అని విన్నాను. కళ్లజోడు తల మీద పెట్టుకుని, కుర్చీ లాక్కుని నా వెనక కూర్చుంది.

రీస్టార్ట్ చేశారా అని అడగలేదు. ఆ ఒక్కందుకే కాళ్లకి దణ్ణం పెట్టొచ్చు. ఎప్పట్నుంచి అని అడిగింది. చేరినప్పట్నుంచీ అన్నాను. ఏది బాగా పనిచేస్తోంది అని అడిగింది. ఇంతవరకు ఎవరూ అడగని ప్రశ్న. అందరూ ఏది పాడైందని అడిగినవాళ్లే. మెయిల్, చిన్న ఫైళ్లు, ఇంటర్నెట్ అని చెప్పాను. ఊ అంది. మీ పని మీరు చేసుకోండి, నేను చూస్తుంటాను అంది.

చేశాను. వెనక ఒక మనిషి కూర్చుంటే చెమటలు పడతాయి కదా. ఉండబట్టలేక, నేనే స్లో అయ్యుండొచ్చు మేడమ్ అనేశాను. మీ సంగతి పక్కన పెట్టండి, నేనొచ్చింది దీని కోసం అంది. అంత ముక్కుసూటిగా అంటే బాధ కలగాలి. నాకు ఎక్కడలేని హాయి అనిపించింది.

తర్వాత సర్వర్‌ని ping చేసింది, అంటే ఉన్నావా అని పిలిచి చూసింది. పిలవగానే పలికింది. పెద్ద ఫైలు ఒకటి కాపీ చేయించింది. కదిలి, ఆగి, కదిలి, ఆగింది. దారి తెగలేదు, దారిలో ఏదో గుద్దుకుంటోంది అంది. ఏమీ ముట్టుకోకుండా లేచి వెళ్లిపోయింది. స్పీడు నవ్వాడు, వైద్యం అయిపోయిందా అక్కా అని.

ఫిబ్రవరి 19

ఇవాళ కేబుల్ మార్చింది. అంతే, ఇంకేం చెయ్యలేదు. ఫైలు మళ్లీ అదే నత్తనడక. అప్పుడు కొత్త కేబుల్ పీకేసి పాతదే తిరిగి పెట్టింది.

కొత్తది ఉంచెయ్యొచ్చుగా మేడమ్ అన్నాను. పాతదాని తప్పు లేదని తేలిపోయిందిగా, దాని చోటు దానికి ఇచ్చెయ్యాలి, లేకపోతే రేపు ఇది బాగుపడినప్పుడు దేనివల్ల బాగుపడిందో మనకి తెలీదు అంది. అని దుమ్ము తుడిచి మరీ పెట్టింది.

ఇంటికొస్తూ దారంతా అదే తలుచుకున్నాను. తప్పు లేనిదాన్ని అనుమానించి, తేలాక మళ్లీ దాని చోట్లో దాన్ని పెట్టడం. మా ఆఫీసులో అది కేబుల్‌కి దొరికింది.

ఫిబ్రవరి 20

సోమవారం నుంచి ఆసుపత్రి డ్రాయింగ్ స్పీడుకి. నాకు కరెక్షన్లు. అంటే ఇంకొకళ్లు గీసినవాటిలో అంకెలు దిద్దుకుంటూ కూర్చోవడం. ఒకసారి అక్కడికి పంపితే మళ్లీ బయటికి రావడం నేను చూడలేదు. స్పీడు వచ్చి, నేను అడగలేదక్కా అన్నాడు. నాకు తెలుసన్నాను. పాప మీద ఊరికే అరిచాను.

ఫిబ్రవరి 21, శుక్రవారం. మధ్యాహ్నం

మేడమ్ వచ్చింది. డ్రాయింగ్ చేతులు మారుతున్న సంగతి ఆవిడ చెవిన పడినట్టుంది, నడక వేగంగా ఉంది. స్పీడు పక్కకి వెళ్లి, మీ కంప్యూటర్ కాసేపు ఆ మూలకి తీసుకెళ్తున్నాను అంది. అడగడం కాదది, చెప్పడం. ఆవిడ ఒక పెట్టె మోసింది, అతను ఒకటి మోశాడు. నా డెస్క్‌టాప్ అతని బల్ల మీదికి, అతనిది నా మూలకి. నన్ను అతని కుర్చీలో, అతన్ని నా కుర్చీలో కూర్చోబెట్టింది. ఇద్దరూ ఆసుపత్రి ఫైలే తెరవండి అంది.

నాది తెరుచుకుంది. కొట్టానో లేదో తెరుచుకుంది. నేను తప్పు ఫైలేమో అనుకున్నాను. నా ముసలి పెట్టే, నా చేతులే.

స్పీడు నా మూలలో కూర్చుని చూస్తున్నాడు. గడ్డం గోక్కున్నాడు. కిటికీలోంచి చూశాడు. ఫోన్ తీసి మళ్లీ జేబులో పెట్టుకున్నాడు. కాసేపటికి మెల్లిగా, నువ్వు రోజూ ఇలాగే కూర్చుంటున్నావా అక్కా అన్నాడు. సేవ్ కొట్టు, అప్పుడు తెలుస్తుంది అన్నాను. కొట్టాడు. తెలిసింది.

మంచివాడు. లేచి నిలబడి, గది మొత్తానికి వినబడేలా ఇక్కడ నేను కూడా గీయలేను అన్నాడు. అకౌంట్స్ ఆవిడ కూడా తలెత్తింది.

మేడమ్ మొహంలో గెలిచిన కళ ఏమీ లేదు. నా మూల గోడకి, కేబుల్ గుచ్చే సాకెట్ కేసి చూసింది. ఇక్కడ ఇదివరకు ఏముండేది అని స్పీడుని అడిగింది. పాత ప్లాటర్ అన్నాడు. ఆవిడ తల మీద కళ్లజోడు తీసి చేత్తో పట్టుకుని, సర్వర్ గదికి వెళ్లిపోయింది.

అదే రోజు. సాయంత్రం

పెట్టెలు ఎక్కడివక్కడికి చేరాయి. మేడమ్ తిరిగొచ్చి ఇప్పుడు చూడండి అంది. చూశాను. నా మూలలో, నా కంప్యూటర్‌లో, ఫైలు తలుపు తోసినట్టు తెరుచుకుంది.

ఏమైంది మేడమ్ అన్నాను. సోమవారం మీటింగ్‌కి నేనొస్తాను, అక్కడ చెబుతాను అంది.

ఫిబ్రవరి 22

సెలవు. ఆఫీసుకి పోవాలని ఉంది. నాకేమైనా పిచ్చా.

ఫిబ్రవరి 24, సోమవారం

అంతా రాసుకోవాలి, ఒక్క ముక్క పోకుండా.

మీటింగ్‌లో పెద్దసారు, ఆ సాకెట్ పాడైందటగా, బాగైందటగా, మంచిది అని ముగించబోయారు. మేడమ్ లేచి, పాడవలేదు సార్, నేను పాడుచేశాను అంది.

నా మూలలో ఒకప్పుడు పెద్ద కాగితాల మీద డ్రాయింగులు తీసే ప్లాటర్ ఉండేదట. మహా మొండిదట. మామూలుగా కంప్యూటర్, తీగలన్నీ కలిసే స్విచ్ అనే పెట్టె ఒకదాన్నొకటి అడిగి, ఎంత వేగం, ఎలా మాట్లాడుకోవడం అని కుదుర్చుకుంటాయి. ప్లాటర్‌కి ఆ కుదుర్చుకోవడం చేతకాక కాగితం సగంలో ఆగిపోయేది. అందుకని ఆవిడే ఆ ఒక్క సాకెట్‌కి స్విచ్‌లో ఇక అడగడాలు లేకుండా ఆ లెక్క చేత్తో బిగించేసింది. ప్లాటర్ పాతసామాన్లకి పోయింది. బిగించింది విప్పడం ఆవిడ మర్చిపోయింది. ఖాళీగా ఉన్న ఆ మూలకి కొత్తగా చేరిన నన్ను తోశారు.

నా కంప్యూటర్ పాపం రోజూ అడుగుతోంది, స్విచ్ పలకదు. జవాబు రాకపోయేసరికి మర్యాదగా, ఒకరు మాట్లాడేటప్పుడు ఇంకొకరు ఆగాలి కాబోలు అనుకుంది. స్విచ్ మాత్రం ఇద్దరూ ఒకేసారి మాట్లాడొచ్చన్న లెక్కలో ఉంది. ఇద్దరి మాటలూ మధ్యలో గుద్దుకుంటాయి, మళ్లీ మొదట్నుంచి. చిన్న ఫైళ్లు సందు చూసుకుని దూరిపోతాయి, డ్రాయింగ్ లాంటి భారీ మూట ఇరుక్కుంటుంది. పైకి మాత్రం పచ్చలైటు వెలుగుతూనే ఉంటుంది.

ఇదంతా చెప్పి కూర్చుంటుందనుకున్నాను. కూర్చోలేదు. ఇన్నాళ్లూ ఈవిడ మీద పడ్డ మాట నా మీద పడాల్సింది, ఆ మాట ఈ గదిలోనే అన్నారని విన్నాను, ఈ గదిలోనే వెనక్కి తీసుకుంటే బాగుంటుంది అంది. గొంతు పెంచలేదు.

పెద్దసారు కలం మూత పెట్టి, తీసి, మళ్లీ పెట్టారు. తర్వాత నా వైపు తిరిగి, స్లో అన్నది తప్పమ్మా, తెలుసుకోకుండా అన్నాను అన్నారు. ఆయన్ని కూడా మెచ్చుకోవాలి. ఆ వయసులో, ఆ కుర్చీలో ఉండి అంతమందిలో అనడం చిన్న విషయం కాదు. డ్రాయింగ్ మీ దగ్గరే ఉంటుంది, తేదీ మాత్రం మారదు అన్నారు. మొదటి అంతస్తు కొలతలు నేను చూసిపెడతా అక్కా అన్నాడు స్పీడు.

నేను మళ్లీ సారీ అనబోయి నాలుక కరుచుకున్నాను. ఇంటికొచ్చి అత్తయ్యకి మొత్తం చెప్పాను, మొన్న దాచింది కూడా. ఆవిడ ఆ మేడమ్‌ని ఒకసారి చూడాలనుంది అంది. అత్తయ్య ఎవర్నైనా చూడాలనుకోవడం నేనెరిగి ఇదే మొదలు.

ఫిబ్రవరి 25

థాంక్స్ చెబుదామని సర్వర్ గదికి వెళ్లాను. ఈ ఆఫీసులో చేరాక ఎప్పుడూ తొంగి చూడలేదు. మెట్ల కింద. తల వంచి దూరాలి. చలి. లైట్లు మిణుకుమిణుకుమంటూ, ఏసీ హోరు. కుర్చీ పట్టక ఆవిడ ఒక అట్టపెట్టె మీద కూర్చుని పని చేసుకుంటోంది.

అడిగేశాను. సాకెట్ పాడైందని ఊరుకున్నా ఎవరికీ తెలిసేది కాదుగా మేడమ్ అని. ఆవిడకి ప్రశ్నే అర్థమైనట్టు లేదు. అలా ఊరుకుంటే రేపు ఇంకో చోట ఇదే వచ్చినప్పుడు సాకెట్ మారుస్తారు, బాగుపడదు, ఇంకెవరో స్లో అవుతారు అంది. ధైర్యం, నిజాయితీ లాంటి పెద్ద మాటలేవో వస్తాయని ఎదురుచూసిన నాకు నవ్వొచ్చింది. ఆ మనిషికి నిజం చెప్పడం కూడా రిపేరులో ఒక భాగమే. నాకు ఆవిడలా అవ్వాలని ఉంది. ఈ వయసులో ఇలాంటి కోరిక పుడుతుందనుకోలేదు.

వచ్చేస్తుంటే, మీ బిల్డింగులు గీసేవాళ్లు మమ్మల్ని ఎప్పుడూ మెట్ల కిందే పెడతారెందుకు, మిషన్లతో పాటు ఒక మనిషి కూడా ఉంటుందని తట్టదా అంది. కోపంగా కాదు, ఊరికే ఆటపట్టిస్తూ. నేను నవ్వేసి వచ్చేశాను.

మార్చి 3

ఇప్పుడు సాకులు లేవు. ఫైలు చిటికెలో తెరుచుకుంటోంది. తేలిందేమిటంటే, నేను నిజంగానే కొంచెం స్లో. స్పీడు పూట తిరక్కుండా వార్డు గీసేస్తాడు. నేను ప్రతి తలుపు దగ్గరా ఆగి, పిల్లాడి మంచం తోసుకుంటూ వచ్చే ఆయాలా లోపలికి నడిచి చూస్తాను. మంచం తిరగకపోతే గోడ జరుపుతాను. ఇది నెట్‌వర్క్ జబ్బు కాదు. జబ్బే కాదని ఇవాళే అనిపించింది.

మార్చి 6, గురువారం

కింది అంతస్తు షీటు తీశాను. మెట్ల కింద, నేనే గీసిన గది. లోపల సర్వర్ అని రాసి ఉంది. అక్షరాలు పోను కుర్చీకి చోటు లేదు.

పొద్దుట్నుంచి ఆ ఒక్క గదే, మనిషి కూర్చునేలా గోడలు జరుపుతున్నాను. పెద్దసారు వెనక నిలబడి, రేపు పంపాలి, ఇంకా ఎంతసేపమ్మా అన్నారు. పట్టినంతసేపు సార్ అన్నాను.

తూర్పు గోడకి కిటికీ పెట్టాను.