బంతి తగిలినవాడి దగ్గరికి

నాన్నా,

చూడకుండానే పోయావు గానీ, ఏడేళ్ళు చిన్న లీగుల్లో తిరిగిన నన్ను నిన్న పెద్ద లీగులో బేస్‌బాల్ బంతి విసరనిచ్చారు. నాలుగో బంతి చెయ్యి జారి బ్యాటర్ దవడ విరగ్గొట్టింది. అతను నెత్తురు కక్కుతూ కూలబడ్డాడు.

చిన్నప్పుడు ఈ అమెరికాలోనే, ఆష్‌బర్న్ పార్కులో నాకు క్రికెట్ నేర్పుతూ, "బంతి తగిలితే ముందు బౌలరే వెళ్ళి చూడాల్రా" అనేవాడివి. బేస్‌బాల్‌లో బంతి విసిరే పిచర్ అలా వెళ్తే కొట్లాటకొచ్చాడనుకుంటారు. అందుకే ఇన్నాళ్ళూ కదలకుండా నిలబడేవాణ్ణి. నిన్న మాత్రం ఆగలేక పరిగెత్తాను.

వాళ్ళ జట్టంతా మీదపడి నా ముక్కు పగలగొట్టింది. ఎవరివో బూట్ల మేకులు, బంతి విసిరే నా కుడిచేతి వేళ్ళను నుజ్జు చేశాయి. ఆ కాళ్ళ కిందనుంచే, "ఆర్ యూ ఓకే, మ్యాన్?" అని అడిగాను. ఆ బ్యాటర్ పర్లేదన్నట్టు చెయ్యెత్తాడు.

అక్షరాలు వంకరగా ఉన్నాయని తిట్టకు. ఎడమచేత్తో రాస్తున్నాను.